చీరలో రాని తుంటి నొప్పి చుడీదార్‌లో ఎందుకొస్తోంది?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది కర్నూలు. వయసు 49. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మూడేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. దాని కోసమే రోజూ సాయంత్రం మా ఆయనతో కలిసి అవుట్‌డోర్ స్టేడియంలో నడుస్తాను. ఆయన నాకంటే బాగా పొడుగు. పోయినేడు శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు మీదుగా శ్రీశైలానికి నడిచిపోయాం. అప్పటి నుంచి కుడి పిర్రలో ఎక్కడో లోతున నొప్పి. ఒక్కోసారి తొడ వెనకగా మోకాలి దాకా దిగుతుంది. సయాటికా అన్నారు. నడుము ఎమ్మారైలో ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు కొంచెం ఉబ్బిందని వచ్చింది. బెల్టు కట్టాను, నడుముకు బరువు కట్టి లాగే ట్రాక్షన్ పెట్టించుకున్నాను, నరాల నొప్పికిచ్చే ప్రెగాబాలిన్ మాత్ర ఇంకా వాడుతూనే ఉన్నాను. తగ్గలేదు. యూట్యూబ్ చూసి స్ట్రెచింగులు, సూర్య నమస్కారాలు మొదలుపెట్టాను, ఎక్కువైంది. మా అత్తమ్మ చెప్పిందని మా చిన్నోడితో పిర్ర మీద తొక్కించుకున్నాను, రెండు రోజులు లేవలేకపోయాను. ఇంకో సంగతి. బడిలో పొద్దంతా చీరలో తిరిగినా అంత బాధ ఉండదు. సాయంత్రం చుడీదార్, బూట్లు వేసుకుని నడిస్తే నాలుగో రౌండుకే కుంటుతాను. ఇదేం విచిత్రమో. ఈమధ్య తుంటికి ఎమ్మారై తీస్తే కుడివైపు ఇస్కియోఫిమోరల్ స్పేస్ 11 మి.మీ. ఉందని, క్వాడ్రేటస్ ఫిమోరిస్ కండరంలో ఎడీమా ఉందని రాశారు. ఒక డాక్టరు ఎముక చెక్కాలన్నారు. ఇంకొకరు ఇది లెక్కలోకే రాదు, డిస్కే అసలు కారణమన్నారు. ఎవరి మాట నమ్మాలి? వాకింగ్ మానేయాలా? ముందుముందు తుంటి కీలు మార్చాల్సి వస్తుందా? వచ్చే శివరాత్రికి మళ్లీ నడిచి వస్తానని మొక్కుకున్నాను కూడా.
(ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: టీచరమ్మా, ‘ఇదేం విచిత్రమో’ అని మీరు ఒక్క ముక్కలో దాటేసిన చోటే నేను ఆగిపోయాను. మీ ఉత్తరంలో రెండు ఎమ్మారైల కంటే విలువైన మాట అదే. చీర కుచ్చిళ్లు కాలిని ఎక్కువ దూరం పోనివ్వవు. అడుగు పొట్టిగా పడుతుంది, వెనక కాలు మరీ వెనక్కి సాగకముందే లేస్తుంది. చుడీదార్‌లో ఆ అడ్డు లేదు. పైగా పక్కన పొడుగాటి మనిషి. ఆయనతో సమానంగా పోవాలంటే మీరు అడుగులు కాదు, అంగలు వేయాల్సిందే. మీ నొప్పి ఆ అంగలోనే పుడుతోందని నా గట్టి అనుమానం. నరం నడుము దగ్గర నొక్కుకుని వచ్చే నొప్పి వంగినప్పుడు, బరువెత్తినప్పుడు, దగ్గినప్పుడు, ఎక్కువసేపు కూర్చున్నప్పుడు పెరగడం మామూలు. కట్టుకున్న బట్టను బట్టి మారే నొప్పి అంటే అది అడుగు పొడవును బట్టి మారే నొప్పి అన్నమాట.

లోపల జరిగేది చెబుతాను. గట్టి బెంచీ మీద కూర్చుంటే పిర్ర కింద ఒక ఎముక తగులుతుంది కదా, అది ఇస్కియం. తొడ ఎముక పైభాగాన, లోపలి వైపు, కాస్త వెనక్కి తిరిగి ఒక చిన్న బొడిపె ఉంటుంది, దాని పేరు లెస్సర్ ట్రొకాంటర్. ఈ రెండింటి మధ్య సందే మీ రిపోర్టులోని ఇస్కియోఫిమోరల్ స్పేస్. అందులో నాలుగు పలకల చిన్న కండరం ఒకటి అడ్డంగా పరుచుకుని ఉంటుంది. మీ రిపోర్టులో ఉన్న క్వాడ్రేటస్ ఫిమోరిస్ అదే. కాలు వెనక్కి పోయి, లోపలికి చేరి, పాదం బయటికి తిరిగినప్పుడు ఆ సందు ఇరుకవుతుంది. అందరికీ ఇరుకవుతుంది, కానీ చాలామందికి కండరం పట్టేంత చోటు ఇంకా మిగులుతుంది. మీకు మిగలడం లేదు. అడకత్తెరలో పోకచెక్క అంటాం చూడండి, ఆ కండరం గతి అచ్చంగా అది. అంగ వేసిన ప్రతిసారీ నొక్కుడు పడీ పడీ వాచింది. ఎడీమా అని రాసింది ఆ వాపునే. దీన్నే ఇస్కియోఫిమోరల్ ఇంపింజ్‌మెంట్ అంటారు.

ఆ కండరం వెనక నుంచే సయాటిక్ నరం కిందికి దిగుతుంది. వాచిన కండరం పక్కన ఉన్న నరం రేగకుండా ఎలా ఉంటుంది? తొడ వెనకగా మోకాలి దాకా లాగడం అందుకే. కాబట్టి సయాటికా అన్నవాళ్లు పూర్తిగా తప్పు చెప్పారని అనను. నరం ఉంది, అది రేగుతున్న మాటా నిజమే. రేగుతున్న చోటు మాత్రం నడుములో కాదు, పిర్రలో.

మరి ఇన్నాళ్లూ ఎవరూ దీని పేరెత్తలేదేమని మీకు అనిపిస్తుంది. ఇది వైద్యానికి మరీ పాత సంగతి కాదు. 1977లో మొదటిసారి, తుంటికి ఆపరేషన్ అయ్యాక నొప్పి తగ్గని ముగ్గురిలో ఈ బొడిపె ఇస్కియానికి తగులుతోందని గుర్తించారు. ఏ ఆపరేషనూ కాని మామూలు తుంటిలో కూడా ఇలా జరుగుతుందని స్కాన్‌లలో చూసి రాసింది 2008, 2009 ప్రాంతంలో. అంతకు ముందు చదువుకుని బయటికొచ్చిన డాక్టర్ల పాఠ్యపుస్తకాల్లో ఈ పేరు ఉండే అవకాశమే తక్కువ. పిర్ర నొప్పి, తొడ వెనక లాగుడు అనగానే చెయ్యి నడుము ఎమ్మారై వైపే పోతుంది. అక్కడ ఏదో ఒకటి కనిపిస్తుంది కూడా. ఏ నొప్పీ లేని 50 ఏళ్ల వాళ్లను వందమందిని స్కాన్ చేస్తే దాదాపు 60 మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుందని చాలా అధ్యయనాలను కలిపి చూసిన లెక్క ఉంది. అంటే మీ ఎల్4-ఎల్5 ఉబ్బు నెరిసిన వెంట్రుకలాంటిది కావచ్చు. వయసును చెబుతుంది, నొప్పికి కారణాన్ని చెప్పదు.

ఇదే న్యాయం మీ 11 మి.మీ.కీ వర్తిస్తుంది, ఇది చాలామంది ఒప్పుకోరు. 2009 నాటి పరిశీలనలో ఈ నొప్పి ఉన్న మహిళల్లో ఆ సందు సగటున 13 మి.మీ., లేనివాళ్లలో 23 మి.మీ. ఉంది. 17 మి.మీ. లేదా అంతకన్నా తక్కువైతే అనుమానించాలన్నారు. తర్వాత అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు 15 దగ్గర గీత గీశారు. మీది ఎటు చూసినా గీతకు కిందే. కానీ సందు ఇరుగ్గా ఉండీ జన్మలో ఒక్కరోజు నొప్పి ఎరగనివాళ్లు ఉన్నారు. పైగా మెషీన్‌లో పడుకున్నప్పుడు పాదాలు బయటికి వాలితే ఒక అంకె, బొటనవేళ్లు కలిపి కట్టితే ఇంకో అంకె వస్తుంది. అందుకే అంకె ఒక్కటే కాకుండా మూడు సంగతులు కలవాలి: సందు ఇరుకు, ఆ కండరంలోనే వాపు, ఆ సందును నొక్కితే మీకు రోజూ వచ్చే అదే నొప్పి రావడం. మొదటి రెండూ మీ రిపోర్టులో ఉన్నాయి. మూడోది కాగితం మీద ఉండదు, డాక్టరు చేత్తో చూడాలి. మీ ఉత్తరాన్ని బట్టి ఇంతవరకూ ఎవరూ చూసినట్టు లేదు. ఆ ఇద్దరు డాక్టర్ల మధ్య తగవు తీరేది అక్కడే.

ఆ పరీక్ష కష్టమేమీ కాదు. మిమ్మల్ని ఎడమ పక్కకు పడుకోబెట్టి, కుడికాలిని డాక్టరు తన చేతుల్లోకి తీసుకుని మెల్లగా వెనక్కి జరుపుతారు. కాలు నిటారుగానో కొంచెం లోపలికో ఉంచి వెనక్కి తీసినప్పుడు మీ నొప్పి వచ్చి, అదే కాలిని పక్కకు ఎడం చేసి వెనక్కి తీసినప్పుడు రాకపోతే అది ఈ జబ్బు వైపే చూపిస్తుంది. రెండోది నడిపించి చూడటం. పొడవాటి అంగలు వేయిస్తే వెనక కాలి పిర్రలో, కూర్చునే ఎముకకు కాస్త బయటి పక్కన నొప్పి రావాలి, పొట్టి అడుగులు వేయిస్తే తగ్గాలి. ఈ రెండో పరీక్ష మీకు తెలియకుండానే ఏడాదిగా చీరతోనూ చుడీదార్‌తోనూ మీరే చేసుకుంటున్నారు. అయినా డాక్టరు ముందు ఒకసారి చేయించుకోండి. నొప్పి ఎక్కడుందంటే అరచేత్తో పిర్ర మొత్తం చూపించకుండా ఒక్క వేలితో చూపించండి. వేలు సరిగ్గా కూర్చునే ఎముక మీదే పడితే తొడ వెనక కండరాలను అక్కడ ఎముకకు కట్టి ఉంచే తాడు (టెండన్) చెడిందేమో చూడాలి. గజ్జలో ముందువైపు పడితే తుంటి కీలు లోపలి సంగతి చూడాలి.

పెద్దాసుపత్రి ఎముకల విభాగానికి వెళ్లినా, బయట ఎక్కడికి వెళ్లినా, రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా ఎమ్మారై సీడీ తీసుకెళ్లండి. ఎడమవైపు సందు ఎంతుందో కొలిపించండి. ఈ జబ్బున్న వాళ్లలో నలుగురిలో ఒకరికో, అంతకన్నా ఎక్కువమందికో రెండు వైపులా ఉంటుంది. తుంటి పక్కన ఉండే గ్లూటియస్ మీడియస్ కండరం, దాని టెండన్ ఎలా ఉన్నాయో ప్రత్యేకంగా అడగండి. తొడ ఎముక గుండు బాగుందో లేదో ఎటూ చూస్తారు.

గ్లూటియస్ మీడియస్ గురించి ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మీ వైద్యం మొత్తం దాని మీదే నిలబడి ఉంది. నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ ఒక్క క్షణం ఒంటికాలి మీద ఉంటాం. ఆ క్షణంలో నడుము రెండో పక్కకు ఒరిగిపోకుండా పట్టుకునేది ఈ కండరం. ఇది బలహీనపడితే నడుము ఒరుగుతుంది, ఒరిగితే తొడ లోపలికి చేరుతుంది, చేరితే ఆ సందు ఇంకా మూసుకుంటుంది. ఆడవాళ్లకు కటి వెడల్పుగా ఉండటం, తొడ ఎముక మెడ తిరిగి ఉండే తీరు, ఇవి పుట్టుకతో వచ్చినవి, మార్చలేం. నలభై ఎనిమిది, యాభై దాటాక పిర్ర కండరాల్లో బలం తగ్గడం మాత్రం మార్చగలిగినదే. ఈ జబ్బు ఆ వయసు ఆడవాళ్లలో ఎక్కువ కనిపించడానికి ఈ రెండూ కలవడమే కారణమని నా అభిప్రాయం.

మీ పాదయాత్రను దీని పక్కన పెట్టి చూడండి. అడవిలో రాళ్లబాట. ఆఖర్న భీముని కొలను లోయలోకి దిగి మళ్లీ కైలాస ద్వారం దాకా నిట్టనిలువుగా ఎక్కాలి. అంతవరకూ నడిచి నడిచి పిర్ర కండరాలు అలిసిపోయి ఉంటాయి. అలిసిన కండరం నడుమును పట్టలేదు. అక్కడ మొదలైన వాపును తర్వాత రోజూ సాయంత్రం స్టేడియంలో అంగలు ఆరనివ్వలేదు. మల్లన్న దగ్గరకు నడిచిపోవడం తప్పు కాదమ్మా. వచ్చాక ఆ కండరానికి విశ్రాంతి దొరక్కపోవడమే తప్పయింది, అది మీకు ఎవరూ చెప్పలేదు.

ఇక ఏం చేయాలి. ముందు ఆపాల్సినవి ఆపండి. సూర్య నమస్కారాల్లో ఒక కాలు బారుగా వెనక్కి చాపే అశ్వసంచలనాసనం మీ ఇరుకు సందును నేరుగా నొక్కుతుంది. మీరు రోజూ ఒళ్లు బాగుపడాలని చేసిన పని ఆ పోకచెక్కను మరింత నొక్కిందన్నమాట. వీరభద్రాసనం, శలభాసనం, ధనురాసనం కూడా కొన్నాళ్లు వద్దు. తొక్కించుకోవడం, మోచేత్తో పిసికించుకోవడం ఇక ఎప్పుడూ వద్దు. అత్తమ్మ ప్రేమతోనే చెప్పి ఉంటుంది, నడుము పట్టేసినప్పుడు తొక్కిస్తే హాయిగా ఉండటం నిజమే. కానీ ఇక్కడ అడుగున వాచిన కండరం, దాని పక్కనే నరం ఉన్నాయి. బెల్టు, ట్రాక్షన్ వల్ల మీకు ఒరిగేదేమీ కనిపించడం లేదు. ప్రెగాబాలిన్ మాత్రం ఉన్నపళంగా ఆపకండి. ఇన్నాళ్లు వాడిన మందును రాసిన డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించాలి.

నిలబడే తీరు కూడా చూసుకోండి. బోర్డు పక్కన ఒంటికాలి మీద బరువు వేసి, నడుము ఒక పక్కకు తోసి, చంకలో బిందె పెట్టుకున్నట్టు నిలబడే అలవాటు టీచర్లలో ఎంతమందికి ఉందో! అలా నిలబడితే బరువున్న వైపు తొడ లోపలికి చేరుతుంది, సందు మూసుకుంటుంది. పాదాలు జానెడు ఎడంగా పెట్టి రెండు కాళ్ల మీద సమానంగా నిలబడండి. రాత్రి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నప్పుడు పై కాలు కిందికి వాలకుండా మోకాళ్ల మధ్య మందపాటి దిండు పెట్టుకోండి.

వాకింగ్ మానొద్దు. షుగర్ ఉన్న మనిషిని నడక మానమని చెబితే ఒక జబ్బు తగ్గించబోయి ఇంకోటి పెంచినట్టవుతుంది. మార్చాల్సింది అడుగు. ఆరు వారాల పాటు మీ ఆయనతో కలిసి నడవకండి. ఆయన్ను అటు తిరగమనండి, మీరు ఇటు తిరగండి, ప్రతి రౌండుకూ ఎదురుపడతారు. వేగం తగ్గాల్సిన పని లేదు. పొట్టి అడుగులు, ఎక్కువ అడుగులు. ఫోనులో టిక్ టిక్ మని కొట్టే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని, ఇప్పుడు నిమిషానికి వేసే అడుగుల కంటే పదో వంతు పెంచండి. వందైతే నూట పది. లెక్కల టీచరుకు ఇది చెప్పాల్సిన పని లేదు: వేగం అదే ఉండి అడుగుల సంఖ్య పెరిగితే అడుగు పొడవు దానంతట అదే తగ్గుతుంది.

ఇంట్లో సాధన చేయడానికి మన బండల నేలను మించింది లేదు. బేతంచెర్ల బండలు పరిచిన ఇల్లయితే రెండు బండల మధ్య గీత చూసుకోండి. ఆ గీతకు కుడివైపు కుడి పాదం, ఎడమవైపు ఎడమ పాదం పడేలా నడవాలి. పాదం గీత మీద పడినా, దాటి అవతలికి పోయినా తొడ లోపలికి చేరుతున్నట్టు. రెండడుగుల బండలైతే ఒక అడుగులో బండ దాటకండి, అందులో ముప్పావు చాలు. పొద్దున పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు. మొదటి వారం అసహజంగా అనిపిస్తుంది, మూడో వారానికి కాళ్లకు అలవాటవుతుంది. చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ నేను మీకు చెప్పదలచుకున్న వాటిలో పెద్దది ఇదే.

దీనితో పాటు పిర్ర పక్క కండరానికి బలం రావాలి. ఎడమ పక్కకు పడుకుని, మోకాళ్ల మధ్య దిండు ఉంచి, కుడికాలిని దిండు మీది నుంచి జానెడు ఎత్తు పైకి లేపండి. కాలు వెనక్కి పోకుండా ఒంటికి కొంచెం ముందుగానే ఉండాలి, పాదం పైకప్పు వైపు తిరగకూడదు. అయిదు లెక్కపెట్టి మెల్లగా దిండు మీదికే దించండి, దానికంటే కిందికి కాదు. పదిసార్లు. కాసేపాగి ఇంకో పది. వీపు మీద పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు ఎడంగా పెట్టి నడుము లేపడం రెండోది. తొడలూ ఒళ్లూ ఒకే వరుసలోకి రాగానే ఆగాలి, ఇంకా పైకి నెట్టకూడదు. రెండు మూడు వారాలకు నొప్పి తగ్గుముఖం పట్టాక, మెట్టు మీద ఒంటికాలితో నిలబడి నడుము సమంగా పట్టుకోవడం, మోకాళ్ల పైన రబ్బరు బ్యాండు కట్టుకుని పక్కకు అడుగులు వేయడం ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నేర్పాలి. చేసేటప్పుడు పదికి మూడు మార్కుల నొప్పి దాకా ఓర్చుకోవచ్చు. మరునాడు పొద్దునకు అది పోవాలి. పోలేదంటే ఎక్కువ చేశారన్నమాట, సగానికి తగ్గించండి.

ఫలితం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, పూర్తిగా తేరుకోవడానికి కొన్ని నెలలు. పది రోజులు చేసి లాభం లేదని మానేసేవాళ్లను చాలామందిని చూశాను, అందుకే ముందే చెబుతున్నాను. నొప్పి మాత్రలు అవసరమైతే డాక్టరు రాసినన్ని రోజులే. షుగర్ ఉంది కాబట్టి కిడ్నీ పరీక్ష చూపించకుండా డైక్లోఫెనాక్ లాంటివి మెడికల్ షాపులో కొని మింగొద్దు.

మూడు నెలలు నిజాయతీగా చేసినా తగ్గకపోతే అప్పుడు ఇంజెక్షన్. అల్ట్రాసౌండ్‌లో గానీ సీటీలో గానీ చూస్తూ సూదిని నేరుగా ఆ కండరం దగ్గరికి పంపి మత్తుమందు, స్టెరాయిడ్ కలిపి ఇస్తారు. పక్కనే సయాటిక్ నరం ఉంది కనుక చూడకుండా అంచనాతో వేసే సూదికి ఒప్పుకోకండి. ఈ ఇంజెక్షన్ మందే కాదు, పరీక్ష కూడా. మత్తు పనిచేసే ఆ కొన్ని గంటలు అంగలు వేసి నడిచినా నొప్పి లేదంటే దొంగ దొరికినట్టే, డిస్కు నిర్దోషి. కాబట్టి వేయించుకున్నాక వెంటనే ఇంటికెళ్లి పడుకోకుండా అక్కడే వరండాలో నడిచి చూసి డాక్టరుకు చెప్పండి. స్టెరాయిడ్ వల్ల కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. ఆ రోజుల్లో ఇంట్లో పరీక్షించుకుంటూ ఉండండి, షుగర్ డాక్టరుకు ముందే చెప్పి పెట్టుకోండి.

ఎముక చెక్కడం గురించి. అలాంటి ఆపరేషన్ ఉంది, అది చెప్పిన డాక్టరు లేనిది చెప్పలేదు. ఎండోస్కోప్‌తో చిన్న రంధ్రాల గుండా పోయి లెస్సర్ ట్రొకాంటర్‌ను కొంత గానీ మొత్తం గానీ తీసేసి సందు పెంచుతారు. బాగైనవాళ్లున్నారు. కానీ ఇంతవరకూ ఉన్న లెక్కలన్నీ కొద్దిమంది రోగుల మీద రాసినవే. ఆ బొడిపె ఊరికే ఉన్నది కాదు, తొడను పైకెత్తే పెద్ద కండరం దానికే అతుక్కుని ఉంటుంది. అక్కడే తొడ ఎముక గుండుకు రక్తం తీసుకెళ్లే నాళం, ఇవతల సయాటిక్ నరం. నడక మార్చకుండా, కండరానికి బలం తేకుండా, ఇంజెక్షన్‌తో రుజువు చేసుకోకుండా అక్కడ కత్తి పెట్టించుకోవడం తొందరపాటు అని నా నిశ్చితాభిప్రాయం. ఎముక మీద కణితి పెరిగి సందు మూసుకున్నవాళ్లు, తుంటి విరిగి బొడిపె ముక్క పక్కకు అతుక్కున్నవాళ్లు, కీలు మార్పిడి తర్వాత ఈ నొప్పి వచ్చినవాళ్లు వేరు. వాళ్లకు ఆపరేషన్ ముందుగానే ఆలోచించాల్సి రావచ్చు.

తుంటి కీలు మార్చాల్సి వస్తుందేమోనన్న భయం వదిలేయండి. ఇది కీలు బయట జరుగుతున్న నొక్కుడు. మనవాళ్లు గుజ్జు అరగడం అంటారే, అది కాదు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి: కాలు వెనక్కి పోనప్పుడు ఒళ్లు ఆ లోటును నడుమును వెనక్కి వంచి పూడ్చుకుంటుంది. అందువల్ల నడుము కూడా నొప్పి పెట్టొచ్చు. అప్పుడు మళ్లీ డిస్కు దగ్గరికి పరిగెత్తకండి.

ఇది చదివి ‘నాకూ పిర్రలో నొప్పే’ అనుకునే మిగతా పాఠకులకు ఒక మాట. అన్నీ ఇది కావు. మద్యం ఎక్కువగా తాగేవాళ్లకు, స్టెరాయిడ్లు వాడినవాళ్లకు గజ్జలో నొప్పి వస్తే తొడ ఎముక గుండుకు రక్తం అందడం లేదేమో వెంటనే ఎమ్మారై తీయించాలి, అక్కడ ఆలస్యం కుదరదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో లేపే నొప్పి ఉంటే క్షయ గురించి ఆలోచించాలి. అనంతపురం, కడప పల్లెల్లో ఏళ్ల తరబడి ఫ్లోరైడు ఉన్న బోరునీళ్లు తాగినవాళ్లకు మెడ, నడుము, తుంట్లు కలిసి బిగుసుకుపోతుంటే మామూలు ఎక్స్‌రేలోనే ఆ జాడలు కనిపిస్తాయి, ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి. పాదం లేవకపోయినా, కాళ్ల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగినా తెలియకుండా పోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక మీ మొక్కు. టీచరమ్మా, వద్దని చెప్పను. ఇప్పటి నుంచి ఒక నోటుపుస్తకంలో రోజూ ఎన్ని నిమిషాలు నడిచారు, నొప్పి పదికి ఎంత, మరునాడు పొద్దున ఎంత అని మూడు అంకెలు రాయండి. నాలుగు వారాలు వరసగా పొద్దుటి అంకె ఒకటి దాటకపోతే వారానికి ఒకరోజు జగన్నాథగట్టు వైపు ఎత్తుపల్లాల మీద నడవడం మొదలుపెట్టండి. గంట, తర్వాత గంటన్నర, శివరాత్రికి నెల ముందుకు మూడు గంటలు. అది ఓర్చుకుంటే బయల్దేరండి. రెండు చేతులకూ రెండు కర్రలు, భుజాన బరువు లేకుండా, నాగలూటిలో, పెద్దచెరువులో రాత్రులు ఆగి. భీముని కొలను దగ్గర దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టాకే తర్వాతి మెట్టు. దారిలో కూడా మీ ఆయన్ను మీ వెనకే నడవమనండి, ముందు కాదు.